ఒకటి ఆపు, రెండు లేపు

బావి అంచున నిలబడి తొంగిచూస్తే అడుగు కనిపించదు. చల్లటి తడిగాలి మాత్రం మొహాన కొడుతుంది. ఆ బావి అడుగునుంచి కొండ పొట్టలోకి సొరంగం తవ్వుతున్నారు, అవతలి పక్క ఊళ్లకి నీళ్లు పంపడానికి. పక్కన పాత కటకటాల మెట్లున్నా, మనుషులు దిగాలన్నా ఎక్కాలన్నా వాడేది లిఫ్టే. ఇనప కడ్డీల పెట్టె, దానికో మడత తలుపు, పైన ఉక్కు తాడు. ఆ తాడుని చుట్టే మోటారు గదిలో కూర్చుని లిఫ్టు నడిపేది ఒక ఆడమనిషి. ఆమెని అందరూ లిఫ్టక్క అంటారు, ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా.

మోటారు గదిలోంచి బావి అడుగు కనబడదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, తర్వాత జరిగినదంతా ఇక్కడే ఉంది. ఆమె చేతిలో ఒక లివరు, ఎదురుగా లిఫ్టు లోతు చూపించే ముల్లు, చెవి పక్కన వైర్‌లెస్ సెట్టు. అంతే. కింద మనుషులు సరిగ్గా ఎక్కారా, తలుపు వేశారా, ఎవరి చెయ్యైనా బయటికి ఉందా అన్నది కింద ఉన్నవాడు చెబితే తప్ప ఆమెకి తెలిసే మార్గం లేదు.

కింద ఉండి ఆ మాట చెప్పేవాడు ఆమె సొంత మరిది. అతని పేరు ఎప్పుడో పోయి ‘గంట’ మిగిలింది. వైర్‌లెస్ రాకముందు బావి అడుగునుంచి పైదాకా ఒక తాడు ఉండేది, పైన దాని కొసన ఇత్తడి గంట. ఒకసారి లాగితే ఆపు, రెండుసార్లు లాగితే లేపు. లాగేది అతనే కాబట్టి గంట అయ్యాడు. గొంతు కూడా దానికి తగ్గట్టే ఉండేది. గంట గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచేదని అతని భార్యే నవ్వేది.

కంపెనీ వైర్‌లెస్ సెట్లు తెచ్చింది. కొత్తది వచ్చాక పాతది దేనికని తాడు కోసేశారు. ఇత్తడి గంట తోమించుకుని మేనేజరు తన గది కిటికీ మీద పెట్టుకున్నాడు, అందం కోసం. కింద పంపుల రొదలో సెట్టులో మాట తెలిసేది కాదు. అందుకని పనివాళ్లు తమకు తామే పాత పద్ధతిని కొత్త సెట్లకి దించుకున్నారు. లిఫ్టక్క "లేపనా?" అని అడుగుతుంది. కింద గంట సెట్టు బొత్తాం రెండుసార్లు నొక్కి వదులుతాడు. పైన టప్ టప్ అని వినిపిస్తుంది. ఒకసారి నొక్కితే ఆపు. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు, ఏ కాగితం మీదా లేదు. దాని మీద వందలమంది ప్రాణాలు పైకీ కిందికీ తిరిగాయి.

సొరంగం పొడుగయ్యేకొద్దీ సెట్లు అందడం మానేశాయి. అప్పుడు రిలే పెట్టెలు పెట్టారు. రిలే అంటే బ్రహ్మవిద్య కాదు. ఇటువాడి మాట విని, అదే మాటని ఇంకాస్త బలంగా అటువాడికి అందించేది. బావి అంచున ఒకటి పెట్టారు, అడుగున సొరంగం మలుపులో రెండోది. రెండింటినీ ఒకే తరంగం మీద వదిలేసి వెళ్లిపోయారు. ఇక చూడండి. దీని అరుపు దానికి వినబడి, దాని అరుపు దీనికి వినబడి, ఒకటే ఊళ. సగం మాటలు మింగేసేది. ఎవరి గొంతు వాళ్లకే కాసేపాగి తిరిగొచ్చేది. పనివాళ్లు దాన్ని ‘అత్తాకోడళ్ల గోల’ అనేవాళ్లు. ఫిర్యాదులు పైకి వెళ్లాయి, పైనే ఉండిపోయాయి.

అయితే ఆ గోలలోనూ టప్ టప్ మాత్రం ఏ రోజూ తప్పలేదు. లిఫ్టక్కకి అదొక్కటే ధైర్యం. మాట పోయినా దెబ్బ వినబడుతోంది కదా అనుకునేది.

గంట ఒకటి రెండుసార్లు ఇంట్లో అన్నాడు, నేను నొక్కకముందే లేపేస్తున్నావేంటి వదినా అని. నువ్వు నొక్కితేనే లేపాను, నీ వేలు నీ బుర్రకన్నా ముందు పోతోందేమో చూసుకో అని ఆమె ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. గంట కూడా నవ్వాడు. ఆ తర్వాత కింద ఎక్కేవాళ్లకి ఒక అలవాటు వచ్చింది, అక్క అడిగేలోపే తలుపు బిగించేసుకోవడం. అక్కకి తొందర అనుకున్నారు తప్ప ఎందుకలా జరుగుతోందని ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఆ అలవాటు తప్పింది. నిచ్చెన అని ఒక డ్రిల్లరు ఉన్నాడు, అంత పొడుగు మనిషి. లిఫ్టు ఎక్కాక అతని డ్రిల్లు రాడ్డు తలుపు మడతలో ఇరుక్కుంది. దాన్ని తీయడానికి ఒక కాలు బయట పెట్టాడు. పైన లిఫ్టక్క లేపనా అని అడిగింది. టప్ టప్. ఆమె లివరు లాగింది.

నిచ్చెన కాలు మోకాలి దగ్గర పోయింది.

విచారణ పెట్టారు. గంట మొదటి రోజునుంచీ ఒకటే మాట చెప్పాడు. నేను రెండు నొక్కలేదు, ఆపమని ఒక్కటి నొక్కాను. లిఫ్టక్కని అడిగారు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుని, రెండు విన్నాను అంది. అబద్ధం ఆడలేదు, రెండే విన్నది. పై రిలే పెట్టెలో అన్నీ రికార్డు అవుతాయని అప్పుడే అందరికీ తెలిసింది. మేనేజరు ఆ ముక్క తెప్పించి వినిపించాడు. ‘లేపనా?’ టప్ టప్. అంతే, రికార్డు ఆగింది. మనుషులు మరిచిపోతారు, యంత్రానికి అబద్ధం అవసరం లేదు అన్నాడు మేనేజరు. గంటని పనిలోంచి పక్కన పెట్టారు. ఆఖరి విచారణలో పూర్తిగా తీసేసి, నిర్లక్ష్యం కింద కేసు పెట్టడం ఖాయమని అందరూ అనుకున్నారు.

వాళ్లది ఒకటే ఇల్లు, మధ్యలో చెక్క గోడ. అటు గంట, అతని భార్య. ఇటు లిఫ్టక్క, పంపుల దగ్గర ఫిట్టరుగా చేసే ఆమె భర్త. ఇంతకుముందు ఆ చెక్క గోడకున్న తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. విచారణ అయిన సాయంత్రం తోడికోడలు ఆ తలుపుకి అడ్డంగా బట్టల పెట్టె జరిపింది. అక్కా అని పిలిచే మనిషి ఆ తర్వాత ఆమెని ఏమనీ పిలవలేదు. అన్నదమ్ములిద్దరూ వీధి కుళాయి దగ్గర ఒకరి బకెట్టు నిండేదాకా ఒకరు పక్కకి చూస్తూ నిలబడేవాళ్లు.

ఒక మనిషి కాలు పోయాక కంపెనీకి ఫిర్యాదులు గుర్తొచ్చాయి. గోల తగ్గించమని సిగ్నల్ ఇంజనీరుని పిలిపించారు. ఆమె సన్నగా ఉండే మనిషి, రబ్బరు బూట్లు రెండు సైజులు పెద్దవి. పని తెలిసిన మనిషి. మలుపు దగ్గర నీళ్లలో నిలబడి మీటరు పట్టుకుని, ఏ పెట్టె ఎవరి మాట వింటోందో ఓపికగా చూసింది. పాత పెట్టెలు తీసేసి కొత్తవి పెట్టింది. రెండింటికీ వేరువేరు తరంగాలు ఇచ్చింది. యాంటెన్నాలని ఒకదాని మొహం ఒకటి చూడకుండా తిప్పింది. అవసరానికి మించి ఉన్న బలం తగ్గించింది. ఊరికే అరిచేవాడి మాట దూరం పోదు, పక్కవాడి మాటనే చెడగొడుతుంది అని నవ్వుతూ చెప్పింది.

మర్నాడు ఉదయం సెట్టులో గొంతులు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించాయి. లిఫ్టక్క బొత్తాం నొక్కి లేపనా అని అడిగింది. వదిలింది.

నిశ్శబ్దం.

సెట్టు చచ్చిపోయిందనుకుంది. మళ్లీ అడగబోయేలోపు అవతలినుంచి మెత్తగా రెండు దెబ్బలు వచ్చాయి. గంట స్థానంలో పెట్టిన కొత్త మనిషి నొక్కాడు. ఆమె లేపింది. రెండోసారీ అంతే. ముందు ఒక నిశ్శబ్దం, తర్వాత దెబ్బలు. మూడోసారి ఆమె లివరు మీదనుంచి చెయ్యి తీసేసి సిగ్నల్ ఇంజనీరుని పిలిచింది. బాగు చేశారు సరే, కిందనుంచి జవాబు లేటుగా వస్తోంది, ఇంతకుముందు నేను వేలు తీయగానే వచ్చేసేది అంది.

ఇంజనీరు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"ఏది వచ్చేసేది?" అని అడిగింది.

"టప్ టప్."

"వేలు తీయగానే?"

"తీయగానే. ఒక్కసారీ తప్పలేదు."

ఇంజనీరు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంది. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అందరూ పైకి వచ్చేదాకా ఆగింది. మెట్ల మీదుగా కిందికి తను ఒక్కతే దిగి పాత పెట్టెలు పాత చోట్లలోనే పాత పద్ధతిలో తగిలించి వచ్చింది. సొరంగంలో పిట్ట కూడా లేదు. కింద ఉండాల్సిన సెట్లన్నీ మోటారు గది బల్ల మీద వరసగా పేర్చింది, ఆర్పేసి. అప్పుడు లిఫ్టక్క వైపు తిరిగి, అడుగు అంది.

"ఎవర్ని అడగను? కింద ఎవరూ లేరుగా."

"అడుగక్కా."

లిఫ్టక్క బొత్తాం నొక్కింది. "లేపనా?" అంది. వేలు తీసింది.

టప్ టప్.

ఆమె వీపు గోడకి తగిలింది. ఎప్పుడు లేచి వెనక్కి నడిచిందో ఆమెకే తెలీదు. బల్ల మీద సెట్ల వైపు చూసింది. ఒక్కదానికీ దీపం వెలగడం లేదు. ముందుకొచ్చి మళ్లీ నొక్కింది. ఈసారి లేపనా అనలేదు, ఊరికే కాసేపు నొక్కి పట్టి వదిలింది. టప్ టప్. సరే, లేపు. ఇంకోసారి. టప్ టప్. సరే. ఏం అడిగినా సరే. ఏమీ అడక్కపోయినా సరే.

ఇంజనీరు చెప్పింది. మనం వేలు తీశాక రిలే కాసేపు తెరుచుకునే ఉండి, తర్వాత మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు ఒక దెబ్బలాంటి చప్పుడు వదులుతుంది. పై పెట్టె మూసుకుంటే ఒకటి. దాన్ని వింటున్న కింది పెట్టె కాస్త ఆగి మూసుకుంటే ఇంకోటి. రెండూ ఒకే తరంగం మీద ఉన్నాయి కాబట్టి ఆ రెండోది కూడా వెనక్కి తిరిగి పైకొచ్చేస్తుంది. గంట నొక్కినట్టు టక్కున నొక్కి వదిలితే రిలే పూర్తిగా తెరుచుకోదు, ఆ నొక్కిన దెబ్బే పోతుంది. గంట నిజంగా నొక్కేసరికి ఇక్కడ మోటారు మొదలైపోయేది, ఆ రొదలో అతని దెబ్బ ఎవరికి వినబడుతుంది? మామూలు చోట్ల ఆ చప్పుడుని చెత్త అనుకుని వదిలేస్తారు. ఇక్కడ మీరు దాన్నే మాట చేసుకున్నారు, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు అని ఆమె కుర్చీలో కూలబడింది.

రెండో పెట్టె పెట్టిన రోజునుంచీ. లిఫ్టక్క బుర్రలో అదే తిరిగింది. ఆ రోజునుంచీ తను మనుషుల్ని లేపింది ఎవరు చెబితే? ఒక తల్లి కొడుకుని, ఒక పిల్ల తండ్రిని, ఉక్కు తాడుకి వేలాడదీసి పైకి లాగింది, కింద ఎవరూ లేని ఒక చప్పుడు సరే అంటే. ఒక్క కాలే పోయిందా? ఇన్నాళ్లూ? ఆమె బయటికి నడిచింది. కంకరలో కూర్చుని, తను పైకి లాగినవాళ్లని ఒక్కొక్కరినే తలుచుకుంది.

మేనేజరుకి చెప్పారు. అతను చాలాసేపు కిటికీ మీది గంట వైపు చూశాడు. తర్వాత లిఫ్టక్కని ఒక్కదాన్నే ఉంచి మెల్లగా మాట్లాడాడు. రేపు ఆఖరి విచారణ. ఆ దెబ్బలు మీ మరిదివి కావని నువ్వంటే, మరి సైగ లేకుండా లిఫ్టు లేపింది ఎవరవుతారు? నువ్వవుతావు. పెట్టెలు ఎలాగూ మార్చేశాం, ఇక ముందు ఇలా జరగదు. ఆలోచించుకో, ఇంట్లో ఒకరి పని పోయింది చాలు అన్నాడు. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. ఇలాంటివాళ్లు జాలిగానే గొంతు కోస్తారు.

సాయంత్రం ఆమె ఇంటికెళ్లి చెక్క తలుపు తోసింది. అవతల బట్టల పెట్టె అడ్డం. భుజం పెట్టి తోసింది. పెట్టె గీసుకుంటూ జరిగింది. గంట నేల మీద కూర్చుని కుర్చీకి కొత్త నవారు అల్లుతున్నాడు. తోడికోడలు పొయ్యి దగ్గరనుంచి లేచి, గరిటె పట్టుకునే నిలబడింది. లిఫ్టక్క నిలబడే అంతా చెప్పింది. ఖాళీ సొరంగం సరే అన్న సంగతి రెండుసార్లు చెప్పింది.

గంట నవారు వదల్లేదు. అతని గొంతు మొదటిసారి చిన్నగా వచ్చింది.

"నేను మొదట్నుంచీ ఏం చెప్పాను వదినా?"

"ఒక్కటి నొక్కానన్నావు."

"నువ్వేం విన్నావు?"

"రెండు."

"అయితే ఇద్దరం నిజమే చెప్పాం కదా." నవ్వబోయి ఆగాడు. "నేనే అనుకున్నాను, ఆ కంగారులో నా వేలు రెండోసారి పడిందేమోనని. రోజూ అదే. పడుకున్నా ఈ వేలే కనబడేది."

తోడికోడలు గరిటె కింద పడేసింది. ఏడవలేదు, తిట్టలేదు. బట్టల పెట్టె రెండో కొస పట్టుకుని, పట్టు అంది. అక్కా అనలేదు. ఇద్దరూ కలిసి పెట్టెని పాత చోటికి జరిపారు.

ఆఖరి విచారణ కంపెనీ భోజనాల గదిలో జరిగింది, బల్లలు కలిపి వేసి. బయటనుంచి వచ్చిన విచారణాధికారి మధ్యలో, పక్కన మేనేజరు. నిచ్చెన చంకకర్రతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో కుర్చీ వేస్తే, ఒంటికాలి నిచ్చెనని గోడకే ఆనించాలి, కుర్చీలో ఎవరు పెడతారు అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. లిఫ్టక్క లేచింది. నేను విన్న రెండు దెబ్బలు మా మరిదివి కావు, లిఫ్టు నేను ఎవరూ చెప్పకుండా లేపాను, అలాగే రాసుకోండి అంది. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

సిగ్నల్ ఇంజనీరు పాత పై పెట్టెనే మోసుకొచ్చింది. దానికి స్పీకరు తగిలించి, నిన్న మధ్యాహ్నపు రికార్డు వినిపించింది. ‘లేపనా?’ టప్ టప్. అప్పుడు కింద ఎవరూ లేరని చెప్పింది. తర్వాత ప్రమాదం రోజుది వినిపించింది. ‘లేపనా?’ టప్ టప్. రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. విచారణాధికారి పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు. ఇంజనీరు ఆపడానికి చెయ్యి చాపింది.

"ఆపొద్దు," అన్నాడు గంట. "ఇంకా ఉంది. పోనివ్వండి."

పోనిచ్చింది. స్పీకరులో సన్నటి గాలి చప్పుడు. ఆ పెట్టె గాలిలో తరంగం మీద వచ్చింది తప్ప ఇంకేదీ వినదు, మోటారు రొద దానికి తెలీదు. అందుకే అది చాలా స్పష్టంగా వినబడింది.

టప్.

ఒక్కటే. ఆపు.

మళ్లీ టప్, ఒక్కటే. మళ్లీ ఒకటి. ఒకటి ఒకటిగా, విడివిడిగా, ఆపు, ఆపు, ఆపు, రెండుగా వినబడకుండా ప్రతిదాని తర్వాతా ఆగుతూ. అంత కంగారులోనూ మనిషి లెక్క తప్పలేదు. ఆఖర్న బొత్తాం నొక్కి పట్టుకున్నాడు, అప్పుడు నిచ్చెన అరుపు వచ్చింది. ఇంజనీరు ఆర్పేసింది.

నిచ్చెన గోడమీదనుంచి జారి నేలమీద కూర్చున్నాడు.

ఇంతకాలం ఈ రికార్డు రెండు దెబ్బల దగ్గర ఎందుకు ఆగిందని విచారణాధికారి అడిగాడు. అవసరమైనంతవరకే ఆఫీసు తీయించిందని మేనేజరు అన్నాడు. ఎవరి అవసరం అని ఎవరూ అడగనక్కర్లేకపోయింది. అతనే తొందరగా అందుకుని, మొత్తానికి ఇందులో ఎవరి తప్పూ లేదు, యంత్రం తప్పు, గంట రేపటినుంచే పనిలోకి రావచ్చు, లిఫ్టక్క కూడా ఉండొచ్చు అన్నాడు. ఎంత సులువు. యంత్రం తనంతట తను నడిచొచ్చి బావిలో కూర్చుందా? తాడు తనే కోసుకుందా?

లిఫ్టక్క బయటికి వచ్చేసింది. భోజనాల గది దాటి మేనేజరు గదిలోకి నడిచింది. కిటికీ మీది ఇత్తడి గంట రెండు చేతులతో ఎత్తి, చంటిపిల్లని మోసినట్టు మోసుకుంటూ మోటారు గదికి పోయింది. లివరుకి గొలుసు చుట్టి తాళం వేసి, గుమ్మంలో గంట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. షిఫ్టు మారే వేళ పనివాళ్లంతా వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. ఎవరూ లిఫ్టు ఎక్కలేదు. కొత్త పెట్టెలు చాలా మంచివని మేనేజరు చెప్పాడు. మంచివే అని ఇంజనీరు కూడా ఒప్పుకుంది, ఒప్పుకుని ఆమే కంకర మీద వాళ్ల పక్కన కూర్చుంది. పాత గంట తాడు మళ్లీ వచ్చేదాకా సొరంగంలో పని ఆగిపోయింది.

తాడు వేసి, మోటారు గదిలో దాని కొసకి ఇత్తడి గంట కట్టిన రోజు మరిది కిందికి దిగాడు, పాత కటకటాల మెట్ల మీదనుంచి నడిచి. లిఫ్టక్క సెట్టులో లేపనా అని అడిగింది. సెట్టులో శుభ్రంగా రెండు దెబ్బలు వచ్చాయి. ఆమె కదల్లేదు. నెత్తిమీద ఇత్తడి గంట రెండుసార్లు మోగింది. లివరు మీద చెయ్యి వేసింది తప్ప లాగలేకపోయింది. మళ్లీ మోగింది, రెండుసార్లు. చెయ్యి రాలేదు.

అప్పుడు సెట్టులో మరిది గొంతు వచ్చింది, గోల లేకుండా, పక్కనే ఉన్నట్టు.

"నేనే వదినా. లేపు."

"నువ్వేనా?"

"నేనే."

"తలుపు వేశావా? కాళ్లు?"

"అన్ని కాళ్లూ లోపలే ఉన్నాయి. లేపు."

"మళ్లీ చెప్పు," అంది ఆమె.